పాతిక డాలర్ల లైసెన్సు, మూడు వేల డాలర్ల లీజు

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. జూలై 20న న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి మారాం. భార్యది హెచ్-4, పాపకి నాలుగేళ్లు. ఆఫీసులో ముగ్గురు కలిసి ఒక రాంచ్‌లో జింకల వేటకి లీజు తీసుకుంటున్నారు, నన్నూ చేరమంటున్నారు. నా వాటా ఏడాదికి 3,000 డాలర్లు, ముందే కట్టాలి. రైఫిల్, స్కోప్, సేఫ్ వగైరాకి ఇంకో 2,000 అవుతాయి. బ్యాంకులో 9,000 ఉన్నాయి, నెల ఖర్చు 5,000 దాకా ఉంటుంది. "సీజన్ మొదలయ్యేలోపు అడవి పందుల వేటకి రా, దానికి లైసెన్సే అక్కర్లేదు" అంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: ముందు ఆ పందుల సంగతి చెబుతాను. మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టింది అక్కడే.

మీ స్నేహితులు చెప్పింది అబద్ధం కాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ అది రాష్ట్రం మాట. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దానికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో మీలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒక్కటే: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మీ స్నేహితులు సిటిజన్లు అయితే లైసెన్సు లేకుండా పందిని కొట్టి ఇంటికొస్తారు. అదే రైఫిల్ మీరు పట్టుకుంటే ఫెడరల్ నేరం, దేశం నుంచి పంపించేయడానికి కూడా అదే కారణం కావచ్చు. కాబట్టి లైసెన్సు లేకుండా పందుల వేటకి వెళ్లకండి. రాంచ్ చూడాలనిపిస్తే చూసి రండి, తుపాకీని మాత్రం ముట్టుకోవద్దు, మీ కారులో పెట్టనివ్వద్దు.

ఇక లైసెన్సు ధర. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం స్థానికులకి వేట లైసెన్సు 25 డాలర్లకి ఇస్తుంది, బయటివాళ్లకి 315. స్థానికుడు అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాడని కాదు, దరఖాస్తుకి ముందు వరసగా ఆరు నెలలకి పైగా టెక్సాస్‌లో ఉన్నవాడని. మీకు ఆ ఆరు నెలలు నిండేది జనవరి 20కి. వైట్‌టెయిల్ జింకల జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలై, డాలస్ చుట్టుపక్కల కౌంటీలు వచ్చే నార్త్ జోన్‌లో జనవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. అంటే ఈ సీజన్లో దిగాలంటే మీరు 315 కట్టాల్సిందే. 48 డాలర్లకి బయటివాళ్ల ఐదు రోజుల లైసెన్సు ఒకటుంది గానీ దాని మీద జింకని వేటాడనివ్వరు.

మొన్నామధ్య నా క్లయింటు ఒకాయన తన లైసెన్సు డైనింగ్ టేబుల్ మీద పరిచి చూపించాడు. బారెడు పొడుగు కాగితం, అందులోనే జింకల ట్యాగులు. జింకని కొట్టగానే ట్యాగు చించి, దాని మీద నెల, తేదీ కత్తిరించి కట్టాలట. ఆయన నాకు ట్యాగులే చూపిస్తున్నాడు, నా కళ్లు మాత్రం గడువు తేదీ మీదే ఉన్నాయి: ఆగస్టు 31. ఎప్పుడు కొన్నా అంతే, నవంబర్‌లో కొన్నది కూడా ఆ రోజుతోనే చెల్లిపోతుంది. వీసా మీద ఉన్నవాడి ఇంట్లో రైఫిల్ ఉండి, లైసెన్సు గడువు దాటితే ఆ మినహాయింపు కూడా దాంతోపాటే పోతుంది. కొత్తవి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు, ఫోన్‌లో ఆ తేదీకి అలారం పెట్టుకోండి. సేఫ్ తాళం మీ ఆవిడ దగ్గర ఉంటే ఆవిడ సంగతేమిటో కూడా తుపాకీ కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇప్పుడు అసలు డబ్బు. 9,000లోంచి లీజు, రైఫిల్ సామాను కలిపి 5,000 తీస్తే 4,000 మిగులుతాయి, ఒక్క నెల ఖర్చుకి కూడా చాలవు. హెచ్-1బీలో ఉద్యోగం పోతే మీకుండే గడువు మహా అయితే 60 రోజులు. ఆ రెండు నెలలకే 10,000 కావాలి, ఇండియాకి ముగ్గురి టికెట్లు అదనం. అంటే లీజు కట్టకముందే మీరు వెనకబడి ఉన్నారు. నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో ఈ లోటు చూసి నేను సరే అనలేను. క్రెడిట్ కార్డు మీద అసలే వద్దు. పైగా లీజు డబ్బు ముందే కట్టేది, మధ్యలో ఊరు మారితే తిరిగి వస్తుందో రాదో ఆ కాగితంలో ఉండాలి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వాళ్లది, అందుకే లీజులకి అంత రేటు. అయినా వేరే దారి లేకపోలేదు. ఈ చలికాలం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అది తప్పనిసరి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, వేరే రాష్ట్రానికి మారినా పనికొస్తుంది. వచ్చే ఏడాది ఆగస్టులో 25 డాలర్లకి లైసెన్సు, 7 డాలర్లకి వలస పక్షుల అనుమతి తీసుకుంటే సెప్టెంబర్ 1న గువ్వల సీజన్‌తో మొదలుపెట్టొచ్చు. 48 డాలర్ల వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకుంటే లక్షల ఎకరాల పబ్లిక్ భూమిలోకి వెళ్లే హక్కు వస్తుంది. మొత్తం 80 డాలర్లు. చేపలు కూడా పట్టే ఆలోచన ఉంటేనే వేటకీ చేపలకీ కలిపి ఇచ్చే 68 డాలర్ల సూపర్ కాంబో లైసెన్సు చూడండి, లేకపోతే అక్కర్లేదు.

ఈలోపు నెలకి 600 చొప్పున పక్కన పెట్టగలిగితే పది నెలల్లో మీ 9,000 కాస్తా 15,000 అవుతాయి, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. అప్పటికీ వేట మీద ఇష్టం ఇలాగే ఉంటే లీజు కాగితం నాకు పంపండి, సంతకం పెట్టకముందు ఇద్దరం కూర్చుని చదువుదాం.