జంబో లోన్ తీసుకోబోయే బుజ్జికి పిన్ని ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పిన్ని ఆశీస్సులతో రాసేది.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఇంటి ఫొటోలు చూశాను. వంటిల్లు బాగుంది. మెట్లు మాత్రం మీ అమ్మ మోకాళ్ళకి కాస్త ఎక్కువే. పదకొండున్నర లక్షల డాలర్లు ధర, 20 శాతం డౌన్ పేమెంట్, మిగతా 9,20,000 లోను అని రాశావు. కింద “వాళ్ళు దీన్ని జంబో అంటున్నారు, అదేదో గండమా పిన్నీ?” అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. పద్నాలుగేళ్ళు లోన్ ఫైళ్ళు సర్ది, అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే అండర్‌రైటర్ల ముందు పెట్టినదాన్ని, రాసి పంపితేనే నయం అనిపించింది.

గండం ఏమీ కాదు. అమెరికాలో బ్యాంకులు ఇచ్చే ఇంటి అప్పుల్లో చాలా భాగం వాటి దగ్గర నిలవవు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ అనే రెండు సంస్థలు వాటిని కొనుక్కుంటాయి. ఎంత పెద్ద అప్పు వరకు అవి కొనొచ్చో ఎఫ్‌హెచ్‌ఎఫ్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ ఏటా నవంబరులో చెబుతుంది. 2025లో ఆ హద్దు 8,06,500 డాలర్లు, 2026కి 8,32,750. ఇళ్ళ ధరలు మండిపోయే కౌంటీల్లో ఇంకా పైన ఉంటుంది, కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో 2026కి 12,49,125. నువ్వు కొనే టెక్సాస్ కాలిన్ కౌంటీకి మాత్రం మామూలు హద్దే. దాన్ని దాటిన అప్పు జంబో. చాలామంది ఇంటి ధరని చూసి జంబో అనుకుంటారు. హద్దు అప్పుకి గాని ఇంటికి కాదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రెండు సంస్థలూ కొనవు కాబట్టి జంబోని ఇచ్చినవాడు తన పుస్తకాల్లోనే ఉంచుకుంటాడు, లేదా ప్రైవేటు మదుపుదార్లకి అమ్ముకుంటాడు. తన డబ్బుకి తన రూలు. మామూలు లోన్‌కి ఎక్కడికి వెళ్ళినా ఇంచుమించు ఒకే కొలబద్ద ఉంటుంది. జంబోకి అలా కాదు. ఒకరు మొహం మీద కాదన్న ఫైలుని ఇంకొకరు చిన్న మార్పుతో ఒప్పుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే మొదటి చోట “రాదు” అంటే దిగులు పడకు, మొదటి చోట “వచ్చేసింది” అంటే సంబరపడి సంతకమూ పెట్టకు.

నీ లెక్కలో నాకు ముందు కనబడింది ఒకటుంది. నువ్వు హద్దుకి పైన ఉన్నది 87,250 డాలర్లే. ఆ మొత్తం అదనంగా డౌన్ పేమెంట్‌లో పెడితే మామూలు లోనే అవుతుంది. లేదా 8,32,750కి మామూలు లోను, ఆ 87,250కి విడిగా రెండో లోను తీసుకోవచ్చు. కాకపోతే రెండో లోను హీలాక్, అంటే ఇంటి మీద కావలసినప్పుడు వాడుకునే అప్పు అయితే దాని వడ్డీ మార్కెట్‌తో పాటు ఊగుతుంది. లేదా జంబోకే వెళ్ళొచ్చు. జంబో అంటే వడ్డీ తప్పకుండా ఎక్కువ అనే మాట పట్టుకోకు. నీలాంటి జీతగాళ్ళ ఖాతాలు తమ దగ్గరికి రావాలని కొన్ని బ్యాంకులు మామూలు లోన్ కంటే తక్కువకి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. మూడు దారులకీ అంకెలు వేయించు. చేతిలో ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్‌లో పోయడం మాత్రం నాకు నచ్చదు. లేఆఫ్ వచ్చిన నెలలో గోడలో పెట్టిన డబ్బుని బయటికి లాగలేవు.

వాయిదా సంగతి చూద్దాం. ఉదాహరణకి వడ్డీ 6.5 శాతం, 30 ఏళ్ళు అనుకుందాం. 9,20,000కి నెలకి సుమారు 5,815 డాలర్లు. మొదటి నెల అందులో 4,983 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 832. దీనికి టెక్సాస్ ప్రాపర్టీ టాక్స్ కలుపు. ఏడాదికి 2 శాతం వేసుకున్నా నెలకి 1,900 పైనే. వడగళ్ళ పుణ్యమా అని అక్కడ ఇన్సూరెన్సు కూడా తక్కువ కాదు, 450 వేసుకో. హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం రుసుము, ఓ వంద. మొత్తం 8,280 దాకా తేలుతుంది. మీ ఇద్దరి జీతం పన్నులు పోకముందు నెలకి 22,000 అన్నావు. రెండు కార్ల వాయిదాలు 1,100 కలిపితే అప్పుల భారం జీతంలో 42.6 శాతం. జంబో ఇచ్చేవాళ్ళలో చాలామంది 43 దగ్గర గీత గీస్తారు. అంటే నువ్వు అంచు మీద నిలబడ్డావు. నెలకి 600 కట్టే ఆ పెద్ద కారు అప్పు తీర్చేస్తే 40 లోపలికి వస్తావు. ఆ కారు కొన్నప్పుడే నీకు చెప్పాను, సరే, ఇప్పుడెందుకు.

క్లోజింగ్, అంటే సంతకాలై ఇల్లు చేతికి రావడం, అయిపోయాక కూడా నీ దగ్గర ఆరు నుంచి పన్నెండు నెలల వాయిదాలకి సరిపడా డబ్బు మిగిలి ఉండాలని అడుగుతారు. దాన్ని రిజర్వ్‌లంటారు. పన్నెండు నెలలంటే నీకు లక్ష డాలర్ల దగ్గర. 401కే అనే రిటైర్మెంట్ ఖాతాలో ఉన్నదాన్ని కొందరు పూర్తిగా లెక్కపెట్టరు, కొంత కోసి చూస్తారు. కంపెనీ ఇచ్చే షేర్లని జీతం కింద లెక్కేయడానికి సాధారణంగా రెండేళ్ళ చరిత్ర అడుగుతారు. కొందరైతే అసలు లెక్కపెట్టరు. ఈ మూడూ అప్లికేషన్ పెట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు.

ఇంకో మాట, ఇది మా ఇంటి గాయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 2011లో మేం ఇల్లు కొన్నప్పుడు ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బు క్లోజింగ్‌కి పది రోజుల ముందు మీ బాబాయి ఖాతాలో పడింది. ఆయన సంతోషంగా డౌన్ పేమెంట్ పెంచేద్దాం అన్నారు. అండర్‌రైటర్ ఆగమన్నారు. ఆ డబ్బు ఎక్కడిది, అమ్మకం దస్తావేజు ఏది, అది తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం ఏది? ఈలోగా వడ్డీ లాక్, అంటే ఒప్పుకున్న వడ్డీ మారకుండా పట్టి ఉంచే గడువు, దాటిపోయింది, పొడిగించడానికి ఫీజు కట్టాం. అదే పనిలో ఉన్న నేనే ఇలా ఇరుక్కున్నానని ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకని, మీ నాన్నగారు పంపుతానన్న డబ్బు ఇప్పుడే తెప్పించుకో. సాధారణంగా చివరి రెండు నెలల స్టేట్‌మెంట్లు చూస్తారు. వాటిలో జీతం కాని పెద్ద జమ ప్రతిదానికీ కాగితం అడుగుతారు. ఇండియా నుంచి ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు ఎల్‌ఆర్‌ఎస్ అనే రిజర్వు బ్యాంకు పథకం కింద పంపొచ్చు. తిరిగి ఇవ్వక్కర్లేదని మీ నాన్నగారు సంతకం పెట్టిన గిఫ్ట్ లెటర్ కావాలి. ఏడాదిలో అలా వచ్చింది లక్ష డాలర్లు దాటితే ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి 3520 ఫారం పెట్టడం నీ పని. పన్ను ఉండదు గాని పెట్టకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. జంబోలో గిఫ్ట్ డబ్బుని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నావని మొదటి ఫోన్‌లోనే చెప్పు. కొన్నిచోట్ల డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతారు, కొన్నిచోట్ల ఐ-797 అనే ఆమోద పత్రం చూసి ఊరుకుంటారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే, కనీసం నాలుగు రకాల తలుపులు తట్టు. నీ జీతం పడే పెద్ద బ్యాంకు, ఒక క్రెడిట్ యూనియన్, ఒక మార్ట్‌గేజ్ బ్రోకర్, బిల్డర్ చూపించే లెండర్. పెద్ద బ్యాంకులో డిపాజిట్లు మార్చుకుంటే వడ్డీలో కోత ఇస్తారు, అడగందే చెప్పరు. బ్రోకర్ నీలాంటి చిక్కు ఫైలుకి పనికొస్తాడు, ఏ లెండర్ రూలు ఏమిటో అతనికి నోటికి వచ్చి ఉంటుంది. బిల్డర్ లెండర్ క్లోజింగ్ ఖర్చులకి వేల డాలర్లు ఇస్తానంటాడు. ఆ తాయిలం వడ్డీలోనో, పాయింట్లలోనో (వడ్డీ తగ్గించడానికి ముందే కట్టే ఫీజు) తిరిగి వసూలవుతోందేమో చూడాలి. అందరినీ అనను, నిజంగా మంచి బేరం దొరికిన సందర్భాలూ ఉన్నాయి. లోన్ ఆఫీసర్ ఎవరైనా సరే, ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబరు (వాళ్ళ లైసెన్సు నమోదు నంబరు) తీసుకుని ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్ వెబ్‌సైట్‌లో చూసుకో. ప్రీ-అప్రూవల్ కోసం నలుగురు క్రెడిట్ రిపోర్టు తీయిస్తే స్కోరు పడిపోతుందని భయపడకు. రెండు వారాల లోపల అన్నీ ముగిస్తే స్కోరు లెక్కలో అవి ఒక్కటిగానే పడతాయి.

నోటి మాట రేట్లు నమ్మకు. ఇంటి చిరునామాతో సహా అప్లికేషన్ ఇచ్చాక మూడు పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ అనే లెక్కల కాగితం ఇవ్వాలన్నది చట్టం. మూడే పేజీలు, అందరిదీ ఒకే నమూనా, అందుకే పోల్చడం తేలిక. అందరి దగ్గరా ఒకే రోజు తీసుకో, వడ్డీ రోజూ కదులుతుంది. రెండో పేజీలో ‘ఏ’ విభాగం లెండర్ తీసుకునేది, పాయింట్లు అక్కడే దాక్కుంటాయి. టాక్సులు, ఇన్సూరెన్సు అంకెలు ఎవరు వేసినా నువ్వు కట్టేవి అవే. వాటిని తక్కువ చూపించి “మా దగ్గర చవక” అనేవాణ్ణి అక్కడే వదిలెయ్. మూడో పేజీలో అయిదేళ్ళలో మొత్తం ఎంత కడతావో, అందులో అసలు ఎంత తీరుతుందో ఉంటుంది. నేను ముందు చూసేది అదే.

ఒక పాయింటు అంటే అప్పులో 1 శాతం, నీకు 9,200 డాలర్లు. దానికి వడ్డీ 6.5 నుంచి 6.25కి దిగిందనుకో, నెలకి 150 మిగులుతుంది. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి అయిదేళ్ళు దాటుతుంది. ఈలోపు రేట్లు పడి రీఫైనాన్స్ చేస్తే, అంటే తక్కువ వడ్డీకి కొత్త లోనుకి మారితే, ఆ పాయింటు గంగలో కలిసినట్టే.

ఏఆర్‌ఎమ్, అంటే కొన్నేళ్ళ తర్వాత వడ్డీ మారే లోను గురించి నీ స్నేహితుడు చెప్పాడన్నావు. 7/6 అంటే ఏడేళ్ళు స్థిరం, తర్వాత ఆరు నెలలకోసారి మారుతుంది. ముప్పై ఏళ్ళ వడ్డీ ప్రమాదం తమ మీద పడకూడదని జంబోలో బ్యాంకులు దీన్ని తక్కువకే ఇస్తాయి. మొదటి మార్పులో ఎంత పెరగొచ్చో, మొత్తం మీద ఎంతవరకు పెరగొచ్చో అడుగు. ఆ పై హద్దు వడ్డీతో వాయిదా లెక్కవేసి, అప్పుడు కూడా నిద్ర పడుతుందనుకుంటేనే తీసుకో. నేనైతే తీసుకోను. మీ బాబాయి తీసుకునేవారే.

బ్యాంకు మునిగిపోతే లోనేమవుతుందని కూడా అడిగావు. జంబోలకి పేరుపడ్డ ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంకు 2023 మే 1న మూతపడి జేపీమోర్గాన్ చేజ్ చేతికి వెళ్ళింది. అప్పు తీసుకున్నవాళ్ళ వడ్డీ, గడువు మారలేదు, కట్టే చోటు మారిందంతే. ఆ దిగులు వదిలెయ్.

లాక్ 30 రోజులకి కాకుండా 45 లేదా 60కి అడుగు, జంబో ఫైలు నెమ్మదిగా నడుస్తుంది. ఒక్కోసారి రెండు అప్రైజల్స్ (ఇంటి విలువ అంచనాలు) అడుగుతారు. మధ్యలో పెద్ద మొత్తం చేతికొస్తే అసలులో కట్టి వాయిదా తగ్గించుకునే రీకాస్ట్ ఉందా, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా, ఈ రెండూ రాతలో తీసుకో. ఇంకోటి, టాక్సులో వడ్డీ మినహాయింపు 7,50,000 అప్పు వరకే దొరుకుతుంది, మీ సీపీఏ మొత్తం వడ్డీ వేసి మురిపిస్తే ఆపు. క్లోజింగ్‌కి మూడు పనిదినాల ముందు వచ్చే చివరి లెక్కల కాగితం, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌ని ఎస్టిమేట్ పక్కన పెట్టి వరసకి వరస చూడు.

ఎస్టిమేట్లు రాగానే అన్ని పేజీలూ స్కాన్ చేసి పంపు, ఫొటోలు వద్దు, నా కళ్ళకి ఆనవు. ఆదివారం పొద్దున్నే కాఫీ అయ్యాక కూర్చుంటాను. అమ్మాయిని కూడా ఫోన్ దగ్గర ఉండమను, సంతకం ఇద్దరిదీ కదా.

మీ పిన్ని