ఫొటోలో ఉన్నది మా నాన్నగారే

ప్రశ్న: మేము పదకొండేళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాము. మొన్న చలికాలంలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. తెల్లవారుజామునే లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడవడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. దారిలో నిమ్మచెట్టో గులాబీ మొక్కో కనబడితే ఆగి చూస్తారు. ఒకరోజు మా పేటవాళ్లందరూ ఉండే యాప్‌లో, ఎవరింటి గుమ్మం కెమెరాలోనో పడిన ఆయన ఫొటో వచ్చింది. కింద "నల్లటి మనిషి ఇళ్లవైపు చూస్తూ తిరుగుతున్నాడు, జాగ్రత్త" అని రాసి ఉంది. నేను కంగారుపడి "ఆయన మా నాన్నగారు, ఇండియా నుంచి వచ్చారు, మేము అలాంటివాళ్లం కాము" అని రాశాను. పోస్టు పెట్టినావిడ మన్నించమని చెప్పి దాన్ని తీసేసింది. నాన్నగారు మాత్రం నడక మానేశారు. ఆ యాప్ నుంచి బయటికి వచ్చేయడమే మంచిదా?
– పేరు ప్రకటించవద్దన్న పాఠకుడు

జవాబు: మీ భయం అకారణమని నేను అనను. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చి రెండు వారాలు కూడా కాని 57 ఏళ్ల తాత ఒకరు కొడుకు ఇంటి వీధిలో నడుస్తుండగా, బక్కపలుచని నల్లజాతి మనిషి ఎవరో తిరుగుతున్నాడని పోలీసులకు ఫోను వెళ్లింది. ఇంగ్లీషు రాదని చెప్పబోయిన ఆయనను పోలీసు అధికారి నేలకేసి కొట్టగా వెన్ను దెబ్బతిని శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. గవర్నరు క్షమాపణ చెప్పారు. ఆ అధికారిపై నడిచిన ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టారు. ఫోను చేసినవారికి ఆ పెద్దాయన ఏ దేశస్థుడో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కనబడలేదు. ఒంటి రంగు చూడగానే వారి అనుమానానికి అది చాలింది.

మీరు వాడే యాప్ ఏదో మీరు రాయలేదు, నేనూ అడగను. అయితే ఈ జబ్బు బహిరంగంగా చర్చకు వచ్చిన ఉదంతం ఒకటుంది. 2011లో మొదలైన నెక్స్ట్‌డోర్ అనే ఇరుగుపొరుగువాళ్ల యాప్‌లో సభ్యులు అసలు పేరుతో, సరిచూసిన చిరునామాతో చేరాలి. ముసుగు పేర్లు లేకపోతే మర్యాద దానంతట అదే వస్తుందని చాలామంది నమ్ముతారు. 2015 నాటికి కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో తేలింది వేరు: సొంత పేరుతోనే, ఎంతో మర్యాదగా, నల్లజాతి యువకుడు నడిచి వెళ్లాడనో కారులో కూర్చున్నాడనో జనం 'అనుమానాస్పదం' కింద రాస్తున్నారు. 'నైబర్స్ ఫర్ రేషియల్ జస్టిస్' అనే స్థానిక బృందం దీనిపై పట్టుబట్టింది. భారత సంతతికి చెందిన నీరవ్ తోలియా అప్పట్లో ఆ కంపెనీ అధిపతి. ఆయన చర్మం రంగు కూడా ఆ రాతలను ముందే ఆపలేకపోయిందన్నది గమనించదగ్గ విషయం.

2016లో వాళ్లు చేసిన మార్పు చూడటానికి చాలా చిన్నది. నేరాల గురించి రాసే ఫారమును మార్చి, ముందు ఆ మనిషి చేసిన పని ఏమిటో చెప్పమన్నారు. జాతి ప్రస్తావిస్తే జుట్టు, చొక్కా, బూట్ల వంటి మరో రెండు గుర్తులైనా రాయనిదే పోస్టు ముందుకు కదలకుండా చేశారు. రాసేవాడికి అడ్డు లేకుండా చూడటమే ఇలాంటి కంపెనీల వ్యాపారసూత్రం కాగా, ఇక్కడ కావాలనే అడ్డు పెట్టారు. జాతిని బట్టి అనుమానించే పోస్టులు దాదాపు 75 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. తన లెక్క తానే చెప్పుకుంది కనుక కొంత తరుగు తీసి చూడండి. పోస్టులను నేరుగా పోలీసులకు పంపే వెసులుబాటును మాత్రం 2020 జూన్‌లో గానీ తీసేయలేదు.

ఇక మీ వాక్యం దగ్గరికి వస్తాను. నొప్పి కలిగితే మన్నించాలి. "మేము అలాంటివాళ్లం కాము" అని రాశారే, ఎలాంటివాళ్లు కారు? ఫొటోలో ఉన్నది మీ వీధిలోనే ఇల్లున్న నల్లజాతి పెద్దాయనై, ఆయనా అదే గులాబీ దగ్గర ఆగి ఉంటే, ఆ పోస్టు సబబై ఉండేదా? మీ జవాబు మీ నాన్నగారిని అనుమానం నుంచి తప్పించింది కానీ అనుమానాన్ని అక్కడే వదిలేసింది. ఆవిడ కూడా పొరబడి ఇండియావాడిని అనుమానించినందుకే నొచ్చుకుని ఉంటుంది. ఆ కంగారులో ఏ కొడుకైనా అదే రాస్తాడు, నేనూ రాసేవాణ్ణేమో.

యాప్‌లో ఉండండి. మీరు వెళ్లిపోతే మీ వీధి గురించి రాసేవాళ్లు తగ్గరు, అడిగేవాడు తగ్గుతాడు. ఈసారి ఎవరి ఫొటో వచ్చినా, ముఖ్యంగా మీ వాళ్లది కానప్పుడు, "ఆయన ఏం చేశారు?" అని అడగండి, జవాబు లేకపోతే నిర్వాహకులకు ఫిర్యాదు చేయండి. నాన్నగారిని ఇంట్లోనే ఉండమని మాత్రం చెప్పకండి. కొన్నాళ్లు మీరూ తోడు నడవండి. ఆ గులాబీల ఇంటివాళ్లకు ఆయనను పరిచయం చేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆయనకు ఇష్టమైతే సరే, లేకపోతే వీధిలో నడవడానికి ఎవరి పరిచయమూ అక్కరలేదు.

ప్రశ్న: నేను టెక్సస్‌లో చదువుకుంటున్నాను. మా తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అద్దె ఇళ్ల ప్రకటనల కింద "నల్లోళ్లు లేని ఏరియా" అని రాస్తుంటారు. వద్దంటే "నీకెందుకు, మనవాళ్లే కదా" అంటున్నారు.
– ఒక విద్యార్థిని

జవాబు: మీరు అన్నది సరైన మాటే. ఇంటి అద్దె ప్రకటనలో జాతి పట్ల మొగ్గు చూపడాన్ని అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టమే నిషేధిస్తుంది. తెలుగులో రాసినంత మాత్రాన దానికి మినహాయింపు రాదు. పైన ప్రచురించిన ఉత్తరాన్ని మీ గ్రూపులో పెట్టి, వాళ్ల నాన్నగార్లు కూడా వచ్చే సెలవుల్లో అక్కడికి వస్తారేమో అడిగి చూడండి.