నీ 1430 సరిపోతుందా అంటే

చిట్టితల్లీ,

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో 1430 వచ్చింది, చాలుతుందా పెద్దమ్మా అని అడిగావు. ఏ కాలేజీకో చెప్పకుండా అడిగితే ఏం చెప్పను? 2024లో హైస్కూల్ పూర్తిచేసి, ఈ పరీక్ష రాసినవాళ్ల సగటు 1024. ఆ లెక్కన నీది చాలా మంచి స్కోరు. కానీ సీటు ఇచ్చేవాళ్లు నిన్ను పోల్చేది దేశంతో కాదు, తమ దగ్గర చేరిన పిల్లలతో.

కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతుకు, కాలేజీలు తమ అడ్మిషన్ల లెక్కలు బయటపెట్టే పత్రం అది. అందులో సీ9 అనే భాగం తెరువు. 25వ పర్సెంటైల్ 1380, 75వది 1500 అని ఉందనుకో. చేరినవాళ్లలో పావు మందికి 1380 లోపు, పావు మందికి 1500 పైన వచ్చాయన్నమాట. కిందివాళ్లకు వచ్చింది కదా, నాకూ వస్తుందని ధీమా పడకు. ఆటల కోసం కోచ్‌లు ఏరుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. నీలాంటివాళ్లు మధ్యకో, ఆ పైకో చేరితే నయం.

ఇంకో మెలిక ఉంది. స్కోరు పంపడం మన ఇష్టానికి వదిలేసిన చోట తక్కువ వచ్చినవాళ్లు పంపరు, అందుకే ఆ అంకెలు పైకి లేచి కనిపిస్తాయి. ఎంత శాతం మంది పంపారో కూడా అక్కడే రాస్తారు, చూడు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లయితే 1600కి 1600 వచ్చినా సీటు ఇచ్చేటప్పుడు చూడరు. ఎంఐటీ 2022లో స్కోరు పంపడం మళ్లీ తప్పనిసరి చేసింది, హార్వర్డ్, డార్ట్‌మత్ 2024లో అదే మాట చెప్పాయి. రూల్స్ మారుతుంటాయి, కాలేజీ సైట్‌లో చూసుకున్నాకే నమ్ము.

నీకు ఇంగ్లిష్‌లో 760, మ్యాథ్‌లో 670. ఇంజినీరింగ్ అంటున్నావు కాబట్టి నన్నడిగితే ఆ 670 గురించే ఆలోచించాలి. సీ9లో మ్యాథ్ అంకెలు విడిగా ఉంటాయి. మళ్లీ రాస్తే మ్యాథ్ ఒక్కటే చదువు. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి మార్కులు కలిపి చూస్తాయి, దాన్నే సూపర్‌స్కోర్ అంటారు. మ్యాథ్ పేపరు రెండు భాగాలుగా వస్తుంది, వాటినే మాడ్యూల్స్ అంటారు. మొదటి మాడ్యూల్‌లో తొందరపడకు. అది ఎలా చేశావన్నదాన్ని బట్టే రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, తేలికది వస్తే ఎంత బాగా చేసినా పూర్తి మార్కులు 800 దాకా వెళ్లలేవు.

మీ అన్నయ్య 1510 చాలదని ఎండాకాలమంతా కూర్చుని 1530 తెచ్చుకున్నాడు. అప్లికేషన్‌తో పంపే ఎస్సేలు మాత్రం ఆఖరి వారంలో, నిద్రలేకుండా రాశాడు. ఆ టెన్షన్ ఇంట్లో అందరం పడ్డాం.

నీ కాలేజీల లిస్టు పంపు. ఆదివారం ఫోన్‌లో ఒక్కొక్కటే తెరిచి చూద్దాం.

పెద్దమ్మ