మ్యాపులో స్టేషన్లు ఎటు పోయాయి?

ప్రశ్న: బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళ కోసం లీఫ్‌లెట్‌తో (వెబ్ పేజీలో మ్యాపులు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మెట్రో మ్యాపు చేస్తున్నాను. జియోజేసన్‌లో (మ్యాపు వివరాలు రాసే ఫైల్ పద్ధతి) పెట్టిన స్టేషన్లన్నీ ఉత్తర ధ్రువం దగ్గర తేలుతున్నాయండి. పైగా రూటు చూపేటప్పుడు రైలు మారడానికి టైమే పట్టనట్టు లెక్క వస్తోంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, సత్యనారాయణపురం

జవాబు: జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. లీఫ్‌లెట్ మార్కర్‌కి వరస తిరగబడుతుంది. హైదరాబాద్‌కి [78.4, 17.4] అని రాయాల్సింది తిప్పి రాస్తే నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్‌లో తేలుతుంది. దాదాపు అందరూ పడే గొయ్యే ఇది.

రెండోది అసలు పని. అమీర్‌పేటను ఒకే బిందువుగా పెట్టినట్టున్నారు. రెడ్ లైన్‌కి ఒకటి, బ్లూ లైన్‌కి ఒకటి విడిగా పెట్టి, మధ్య గీతకు నడక సమయం సెకన్లలో ఇవ్వండి. ఎంజీబీఎస్‌లో రెడ్, గ్రీన్ లైన్లకూ అంతే. గ్రీన్ లైన్ జేబీఎస్, బ్లూ లైన్ పరేడ్ గ్రౌండ్ పేర్లు వేరైనా నడిచి మారొచ్చు. ఆ గీత మరిస్తే అక్కడ గ్రీన్ లైన్‌కి బ్లూ లైన్‌తో లింకు తెగిపోతుంది. తర్వాత డైక్‌స్ట్రా (తక్కువ సమయం పట్టే దారి వెతికే అల్గారిథం) నడపండి. మన బస్సులు ముందు తగిలేది ఎల్బీ నగర్ కాబట్టి, అక్కణ్ణుంచి రాయదుర్గానికి అడిగి చూడండి: అమీర్‌పేటలో ఒక్క మార్పే రావాలి.