పుస్తెలతాడు తెంపుకుపోతే దొంగతనమా, దోపిడీనా?

ప్రశ్న: మా చిన్నమ్మ చేను నుంచి వస్తుంటే బైక్ మీద ఇద్దరు పుస్తెలతాడు గుంజారు. ఆమె ఇడవకపోతే తోసేశారు, చెయ్యి విరిగింది. ఊళ్లో ఒకరు దొంగతనం అంటారు, ఇంకొకరు డెకాయిటీ అంటారు. ఏది సార్?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: డెకాయిటీ కాదమ్మా, అది గుంపుగా చేసే దోపిడీ, దానికి కనీసం అయిదుగురు కలవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేరాలు, శిక్షల చట్టం భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాక్కుపోవడానికి స్నాచింగ్ అని విడిగా 304 సెక్షనే పెట్టారు, మూడేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ మీ చిన్నమ్మ సంగతి అక్కడ ఆగదు. సొమ్ము గుంజుకోవడానికో, పట్టుకుపోవడానికో కావాలని దెబ్బ కొట్టినా, అప్పటికప్పుడు కొడతానని బెదిరించినా అది దోపిడీ, 309 సెక్షన్. మామూలుగా పదేళ్ల దాకా, పొద్దుగూకాక హైవే మీదైతే పద్నాలుగేళ్ల దాకా. కావాలనే గాయపరిస్తే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఎముక విరిగితే చట్టం లెక్కలో తీవ్ర గాయం. అందుకే ఫిర్యాదులో ‘గొలుసు పోయింది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి (చాలామంది టెన్షన్లో అదే రాస్తారు), ఎట్లా తోశారో, చెయ్యి ఎట్లా విరిగిందో రాసి ఎక్స్‌రే రిపోర్టు జతచేయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.