నెలలు నిండని బిడ్డకు చూపు పోతే ఆసుపత్రిని నిలదీయవచ్చా?

ప్రశ్న: మా బాబు 30 వారాలకే, 1,300 గ్రాముల బరువుతో పుట్టాడు. ఊపిరి అందక ప్రైవేటు ఆసుపత్రిలో 26 రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు టీకాల తేదీలు చెప్పారు గానీ కళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. అయిదో నెల వచ్చినా దీపం వైపు చూడటం లేదని కంటి వైద్యుని దగ్గరకు తీసుకెళ్తే ‘ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లలకు వచ్చే కంటి జబ్బు), ఆలస్యమైంది’ అన్నారు. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చి చూపు పోగొట్టారని కేసు వేయవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వేయవచ్చు అమ్మా. కానీ ఫిర్యాదు మీరు అడిగిన తీరులో రాయకండి. ఆక్సిజన్ ఇవ్వకపోతే బిడ్డ దక్కేవాడు కాదని ఆసుపత్రి అంటుంది. అందులో నిజముంది. నెలలు నిండని బిడ్డకు రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరిగి ఉండవు. ఆక్సిజన్ మోతాదు మించితే అవి దారితప్పి పెరుగుతాయి. ఈ ముప్పు వైద్యులకు ముందే తెలుసు. అందుకే ఇంత తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు నెల తిరగకముందే రెటీనా పరీక్ష చేయించాలని మార్గదర్శకాలున్నాయి. వేళకు పట్టుకుంటే లేజర్‌తో చాలామందికి చూపు నిలుస్తుంది. ఆ పరీక్ష చేయకపోవడం, చేయించమని మీకు చెప్పకపోవడం – మీ కేసుకు పునాది ఇదే.

1996లో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో, 1,250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకూ ఇదే జరిగింది. 2015 జులైలో సుప్రీంకోర్టు ఆ పాప భవిష్యత్ వైద్యానికి 1.38 కోట్ల రూపాయలు, అప్పటికే అయిన ఖర్చులకు మరో 42 లక్షలకు పైగా ఇప్పించింది. 2019 డిసెంబరులో ఢిల్లీ ప్రైవేటు ఆసుపత్రి కేసులో 76 లక్షలు ఇవ్వమంది.

నోటీసు పంపకముందే బాబు కేస్ షీట్ మొత్తం చేతికి తెచ్చుకోండి. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. నర్సులు రాసిన ఆక్సిజన్ చార్టులు కూడా అడగండి. ‘నోటిమాటగా చెప్పాం, వాళ్ళే రాలేదు’ అన్నది ఇలాంటి కేసుల్లో మామూలుగా వినిపించే వాదన. డిశ్చార్జి సమ్మరీ చివర, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిన చోట కంటి పరీక్ష ప్రస్తావన లేకపోతే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. కాపీ ఇప్పుడే మీ చేతిలో ఉంటే రేపు అందులో కొత్త వాక్యం చేరే వీలుండదు.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కేసు ఏ స్థాయి కమిషన్‌కు వెళ్ళాలో తేల్చడానికి చూసేది మీరు ఆసుపత్రికి కట్టిన బిల్లును, మీరు కోరే పరిహారాన్ని కాదు. బిల్లు అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్ళు. చూపు పోయిందని తెలిసిన నాటి నుంచి లెక్కించమని వాదించవచ్చు గానీ, ఆ వాదన అవసరం రానివ్వకండి, డిశ్చార్జి అయిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

రెండో కంటి వైద్యునికి చూపించారా? మీ లేఖలో ఆ మాట లేదు. వెలుగు మాత్రమే తెలిసే బిడ్డకైనా దాన్ని కాపాడుకునే మార్గాలేమైనా ఉన్నాయేమో అడగాలి. లాయరు దగ్గరకు కొన్నాళ్ళు ఆగి వెళ్ళినా ఫరవాలేదు, బాబును మాత్రం ఈ వారమే రెటీనా నిపుణునికి చూపించండి.