బోల్తా పడ్డ కాటమరాన్

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా సెయిలింగ్ క్లబ్ నవంబరులో కాటమరాన్ (రెండు దోనెలను పక్కపక్కన కలిపిన తెరచాప పడవ) పోటీ పెడుతోంది. వాలంటీరుగా రక్షణ పడవ ఎక్కుతున్నాను. ఏదైనా బోల్తా పడితే ముందేం చూడాలి?

జవాబు: పడవ సంగతి తర్వాత, ముందు తలలు లెక్కపెట్టండి. పడవలోని ఇద్దరూ కనబడకపోతే ఒకరు ట్రాంపొలిన్ (రెండు దోనెల మధ్య బిగించిన వల) కింద చిక్కుకుని ఉండొచ్చు. తాళ్లు కోసే కత్తి చేతికందేలా ఉండాలి. మనిషిని అందుకోగానే మీ రక్షణ పడవ ఇంజిన్ ఆపేయండి. నీళ్లు 10 డిగ్రీలకు దిగితే వేళ్లు నిమిషాల్లోనే పట్టు తప్పుతాయి, కాబట్టి వాళ్లే లేపుకుంటారులే అని చూస్తూ కూర్చోవద్దు. లేపేముందు తెరచాపల తాళ్లు వదులు చేయించి, పడవ ముక్కు గాలికి ఎదురు తిప్పండి. లేదంటే లేచిన పడవ సిబ్బందిని నీళ్లలోనే వదిలి పరుగు తీస్తుంది! మాస్టులోకి (తెరచాప కట్టే స్తంభంలోకి) నీళ్లు చేరితే పడవ పూర్తిగా తలకిందులవుతుంది; అందుకే దాని కొనకు గాలిబుడ్డి కడతారు. వణుకుతున్నవాళ్లను ఒడ్డుకు చేర్చాకే పడవ కోసం తిరిగి వెళ్లండి.